ఇరుగుపొరుగుల కళామందిరము – జేన్ ఆడమ్స్ జీవితము

మన డయాసిస్ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయములు కట్టినవారిని గూర్చి, బడులు స్థాపించినవారిని గూర్చి, ఆసుపత్రులు నడిపినవారిని గూర్చి పలువురు సహోదరీ సహోదరులు వ్రాయుచున్నారు. మేము మాత్రము వేరొక విధమైన పని చేసిన ఒక స్త్రీని జ్ఞాపకము చేయదలచితిమి. ఆమె పేదల పేటలో ఒక పాత ఇల్లు తీసికొని, అందులో చిత్రలేఖనమును, సంగీతమును, నాటకమును, చేతిపనులను నేర్పించి, ఆ ఇంటిని నలుబది అయిదేండ్లకు పైగా నిలబెట్టెను. ఆమె పేరు జేన్ ఆడమ్స్. ఆమె అమెరికా దేశస్థురాలు. అయినను కమిటీలలో కూర్చుండి, చందాలు పోగుచేసి, సంవత్సరాంతమున లెక్కలు సరిచూచుకొనిన మన సంఘస్థులకు ఆమె పడిన కష్టములు కొత్తవిగా తోచవు.

జేన్ ఆడమ్స్ 1860 సెప్టెంబరు 6న ఇల్లినాయి రాష్ట్రములోని సీడర్‌విల్ గ్రామమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తల్లి మరణించెను. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమరల యజమాని, రాష్ట్ర శాసనసభలో సెనేటరు, అబ్రహాం లింకనునకు మిత్రుడు. ఆయన నిజాయితీ ఎంతటిదనగా ఆయనకు లంచము ఇవ్వజూపుటకు ఎవరికిని ధైర్యము చాలలేదని ప్రతీతి. ఈ సంగతి కుమార్తె జీవితములో తరువాత ఎట్లు పనికివచ్చెనో ముందు చూతము.

బాల్యము నుండి ఆమెకు వెన్నెముక వంకర. 1881లో రాక్‌ఫర్డు విద్యాలయములో చదువు ముగించిన కొలది కాలమునకే తండ్రి చనిపోయెను. వైద్యురాలు కావలెనని ఫిలడెల్ఫియాలో చేరినను అనారోగ్యము వలన ఆ చదువు మానవలసి వచ్చెను. తరువాత ఏడెనిమిది సంవత్సరములు ఆమెకు దారి తోచలేదు. యూరపు ఖండమున చిత్రశాలలు, దేవాలయములు చూచెను గాని, చూచిన అందమును ఏమి చేయవలెనో తెలియక మనస్సు కలతపడెను. స్వగ్రామములోని ప్రెస్బిటేరియన్ సంఘములో బాప్తిస్మము పొందినదియు ఈ కాలముననే. 1888లో లండను తూర్పు పేటలోని టాయిన్బీ హాలును దర్శించినప్పుడు ఆమెకు దారి కనబడెను. అక్కడ చదువుకొనిన యువకులు పేదల మధ్య కాపురముండి, తమ చదువును వారితో పంచుకొనుచుండిరి.

1889 సెప్టెంబరు 18న ఆమెయు, సహాధ్యాయిని ఎలెన్ గేట్స్ స్టార్‌యు షికాగో పట్టణములో హాల్‌స్టెడ్ వీధిలోని ఒక పాత భవనములో కాపురము పెట్టిరి. దానిని కట్టించిన చార్లెస్ హల్ పేరున అది హల్ హౌస్ అయ్యెను. చుట్టును ఇటలీ, జర్మనీ, రష్యా, పోలండు, గ్రీసు దేశముల నుండి బ్రతుకుతెరువునకై వచ్చిన కూలీల ఇండ్లు. ఇరుకు సందులు, చెత్త కుప్పలు. అట్టి చోట గోడలకు మంచి చిత్రములు తగిలించి, పొరుగువారిని లోనికి పిలిచిరి. రెండవ సంవత్సరమునకు వారమునకు రెండువేల మంది వచ్చిపోవుచుండిరి.

ఇల్లు చాలలేదు. 1891లో ఎడ్వర్డ్ బట్లర్ అను వర్తకుడు 5,000 డాలర్లు ఇవ్వగా మొదటి కొత్త కట్టడము లేచెను. అది చిత్రశాల. ఆకలిగొన్న పేటలో మొదట కట్టినది చిత్రశాలయా అని మనకు ఆశ్చర్యము కలుగవచ్చును. రొట్టె కావలసిన వానికి అందము కూడ కావలెనని ఆమె నమ్మకము. 1893లో ఎలినార్ స్మిత్ ఆధ్వర్యమున సంగీత పాఠశాల ఆరంభమయ్యెను. తరువాత నాటకశాల వచ్చెను. బాలుర బ్యాండులో వాయించిన యూదుల పిల్లవాడు బెన్నీ గుడ్‌మన్ పెద్దవాడై లోకప్రసిద్ధి గాంచిన విద్వాంసుడయ్యెను. ఇరువదేండ్లు గడవకముందే ఆ ఒక్క ఇల్లు పదమూడు కట్టడములాయెను.

ఇదంతయు సునాయాసముగా జరుగలేదు. మొదటి సంవత్సరములలో తండ్రి వలన వచ్చిన ఆస్తిని ఆమె ఖర్చు పెట్టెను. ఇంటి యజమానురాలు హెలెన్ కల్వర్ అద్దె మానివేసెను. మేరీ రోజెట్ స్మిత్, లూయీ బోవెన్ వంటి స్నేహితురాండ్రు లోటు వచ్చినప్పుడెల్ల ఆదుకొనిరి. 1895లో ట్రస్టీలతో సంస్థను రిజిస్టరు చేసిరి. ఆడమ్స్ ఊరూర ఉపన్యాసములిచ్చి, పుస్తకములు వ్రాసి, ఉత్తరములు వ్రాసి నిధులు తెచ్చెను.

తప్పులును జరిగెను. శాస్త్ర ప్రకారము లెక్కగట్టి పుష్టికరమైన భోజనము వండి అమ్మగా పొరుగువారు కొనలేదు. ఎవరి నాలుకకు వారి దేశపు వంటయే రుచి. ఆ వంటశాల కాఫీ హోటలుగా మారి, కబుర్లు చెప్పుకొను చోటుగా మాత్రమే బాగుగా నడిచెను. ఇచ్చువాడు తనకు మంచిదని తోచినదానిని ఇచ్చుట కాదు, పుచ్చుకొనువాని మనస్సెరుగవలెనని ఆమె అప్పుడు నేర్చుకొనెను.

ఈ పాఠము ఫలించిన విధము మమ్మును మిక్కిలి కదలించినది. ఒకనాడు వీధిలో ఒక ఇటలీ ముసలమ్మ కదురుతో నూలు వడకుచు కనబడెను. ఫ్యాక్టరీలకు పోవు ఆ పేట పిల్లలు ఇంగ్లీషు నేర్చుకొని, ఇంగ్లీషు రాని తల్లులను చూచి సిగ్గుపడుచుండిరి. తల తలగుడ్డతో చుట్టుకొనిన తల్లితో కలిసి ఒకే ద్వారమున లోనికి వచ్చుటకు ఇష్టపడని ఆడపిల్లయు ఉండెను. ఆడమ్స్ 1900లో శ్రమ ప్రదర్శనశాలను తెరచి, ఆ తల్లులనే గురువులుగా కూర్చుండబెట్టెను. నూలు వడకుట, నేత, కుమ్మరము వారు చేసి చూపుచుండగా పట్టణపు పెద్దలు వచ్చి మెచ్చుకొనిరి. ఆ ఆడపిల్ల తన తల్లి పనితనమును పరులు పొగడుట విని, ఆ దినము నుండి తల్లితో కూడ అదే ద్వారమున వచ్చెను. మా దృష్టిలో హల్ హౌస్ చేసిన మేలులలో ఇది పెద్దది.

ఇక సొమ్ము విషయము. కార్మికుల రక్షణకై శాసనము కావలెనని ఆమె పోరాడుచుండగా, యజమానుల సంఘము పక్షమున వచ్చినవారు ఆ మాట విడిచిపెట్టినచో హల్ హౌస్‌కు 50,000 డాలర్లు ఇప్పింతుమనిరి. ఆమెకు కోపము కన్న సిగ్గు ఎక్కువ కలిగెను. తండ్రికి ఎవరును చూపసాహసింపని లంచము తనకు చూపబడినదే, తనలో ఏమి లోటు కనబడినదో అని బాధపడెను. శాసనము 1893లో వచ్చెను. మరియొకసారి పనిచేయు ఆడపిల్లల వసతి గృహమునకు 20,000 డాలర్ల దానము రాగా, ఆ దాత తన వద్ద పనిచేయు ఆడపిల్లలకే చాలీచాలని జీతమిచ్చువాడని తెలిసి పుచ్చుకొనలేదు. ఏ సొమ్ము శుద్ధమో గీత గీసి చెప్పుట సులభము కాదని ఆమె ఎరుగును. అయినను ఎవరి నిమిత్తము ఆ ఇల్లు ఉన్నదో వారికి ద్రోహముగా వచ్చిన దానిని వద్దనెను.

మొదటి ప్రపంచ యుద్ధమును ఆమె వ్యతిరేకించెను. 1915లో హేగ్ పట్టణమున స్త్రీల శాంతి సభకు అధ్యక్షత వహించెను. అంతవరకు పొగడిన పత్రికలు తిట్టెను. చందాదారులు కొందరు ముఖము చాటువేసిరి. ఆమె మాట మార్చుకొనలేదు, ఇల్లు మూయలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమానము వచ్చినప్పుడు తన భాగమును శాంతి పనికే ఇచ్చివేసెను. 1935 మే 21న ఆమె కన్నుమూసెను. హల్ హౌస్ ముంగిటనే అంత్య ఆరాధన జరిగెను. స్వగ్రామమున సమాధి చేసిరి.

తరువాతి చరిత్ర కూడ చెప్పవలెను. 1960లలో విశ్వవిద్యాలయము కొరకు ఆ కట్టడములలో చాలవరకు పడగొట్టిరి. మొదటి ఇల్లు ప్రదర్శనశాలగా నిలిచెను. సంస్థ వేరు చోట్ల పని సాగించి, ప్రభుత్వ నిధుల మీద అధికముగా ఆధారపడి, అవి తగ్గగా అప్పుల పాలై 2012లో మూతపడెను. పెద్ద నిధి ఒక్క చోటు నుండి వచ్చుట బలముగా కనబడును గాని, అది ఆగిన దినమున ఇల్లు ఆగిపోవును. ఆమె దినములలో ఆ ఇంటిని మోసినది అనేకుల చేతులు.

మన పాస్టరేటులలోను హాళ్లు కలవు. ఆదివారము తప్ప వాటికి తాళమే. మన పెద్దలలో హార్మోనియము వాయించువారు, తాళముతో భజన నడుపువారు, చాపలు అల్లువారు, బుర్రకథ చెప్పువారు ఇంకను ఉన్నారు. వారి మనుమలు వారి ప్రక్కన కూర్చుండి ఎంత కాలమాయెనో ఆలోచింతము. తాళము తీయుటకు పెద్ద నిధి అక్కరలేదు. మొదట ఆ ముసలివారి యింటికి వెళ్లి పిలువవలెను.