ఉరుక్

ఉరుక్ 6వ శతాబ్దానికి చెందిన కొరియా సంగీత విద్వాంసుడు, స్వరకర్త. పన్నెండు తంత్రుల గాయాగుమ్ వాద్యానికి ఆద్యుడుగా కొరియన్లు ఇతనిని గౌరవిస్తారు. గోగుర్యో రాజ్యానికి చెందిన వాంగ్ సానక్, జోసన్ కాలపు పాక్ యన్‌లతో పాటు ఇతనిని కొరియా సంగీతంలో ముగ్గురు మహనీయులలో ఒకడిగా లెక్కిస్తారు. ఇతని జనన మరణ సంవత్సరాలు తెలియవు. ఇతని గురించిన సమాచారం దాదాపు అంతా 1145లో కిమ్ బుసిక్ పర్యవేక్షణలో పూర్తయిన సామ్‌గుక్ సాగీ అనే చరిత్ర గ్రంథంలోనిదే. అంటే ఉరుక్ జీవించిన కాలానికి, ఆ గ్రంథానికి మధ్య సుమారు ఆరు వందల సంవత్సరాల ఎడం ఉంది.

గాయా రాజ్యంలో

ఉరుక్ స్వస్థలం సొంగ్యొల్ అనే ఊరు. అది నేడు ఎక్కడ ఉన్నదన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఆ కాలంలో కొరియా ద్వీపకల్పపు దక్షిణ భాగంలో గాయా అనే చిన్న రాజ్యాల కూటమి ఉండేది (బీహారులోని గయతో దీనికి సంబంధం లేదు). ఆ కూటమికి చెందిన గాసిల్ రాజు చైనా తంత్రీవాద్యాన్ని చూసి, సంవత్సరంలోని పన్నెండు నెలలకు ప్రతీకగా పన్నెండు తంత్రులతో కొత్త వాద్యాన్ని చేయించాడని గ్రంథం చెబుతుంది. గాయా పేరు మీదనే అది గాయాగుమ్ అయింది. రాజు చూసినది తాంగ్ వంశకాలపు వాద్యమని గ్రంథం అంటుంది కాని, తాంగ్ వంశం 618లో మొదలయింది. ఇది తర్వాతి వారి పొరపాటు కావచ్చును. పైగా గ్యొంగ్జు సమాధులలో దొరికిన 5వ శతాబ్దపు మట్టికూజా మీద ఇటువంటి వాద్యం మీటుతున్న బొమ్మ ఉన్నది. కనుక గాసిల్ రాజు పాత వాద్యాన్నే సంస్కరించి ఉంటాడని పలువురు భావిస్తారు.

కూటమిలోని రాజ్యాల భాషలు వేరువేరు గనుక వాటి సంగీతం మాత్రం ఒకే తీరున ఎలా ఉంటుందని రాజు తలచి, పన్నెండు కృతులు కూర్చమని ఉరుక్‌ను ఆజ్ఞాపించాడు. ఆ కృతుల పేర్లు మాత్రమే మిగిలాయి, స్వరాలు నశించాయి. పేర్లలో ఎక్కువ భాగం ప్రాంతాల పేర్లే. ఒకటి సింహం వేషపు ఆటకు, మరొకటి బంతులు ఎగరవేసే ఆటకు చెందినవని ఊహిస్తున్నారు. ఇతని శిష్యుడు నిమున్ కూడా కాకి, ఎలుక, కముజుపిట్ట అనే పేర్లతో మూడు కృతులు చేశాడు.

సిల్లాకు వలస

గాయాలో కల్లోలం పెరగడంతో ఉరుక్ తన వాద్యంతో, శిష్యునితో పొరుగున ఉన్న సిల్లా రాజ్యానికి చేరాడు. సిల్లా గాయాకు శత్రురాజ్యం. 551లో సిల్లా రాజు జిన్‌హుంగ్ దేశసంచారంలో నాంగ్‌సొంగ్ వద్ద విడిది చేసినపుడు వీరి పేరు విని పిలిపించాడు. గురుశిష్యులు కొత్త కృతులు కూర్చి వినిపించారు. రాజు సంతోషించి ఉరుక్‌కు గుగ్వొన్‌లో (నేటి చుంగ్జు) నివాసం కల్పించాడు.

మరుసటి సంవత్సరం రాజు గ్యేగో, బొప్‌జీ, మన్‌దొక్ అనే ముగ్గురిని ఇతని వద్ద శిష్యులుగా చేర్చాడు. ఎవరి ప్రతిభను బట్టి వారికి ఉరుక్ విద్య నేర్పాడు. గ్యేగోకు వాద్యం, బొప్‌జీకి గానం, మన్‌దొక్‌కు నృత్యం. వారు పదకొండు కృతులు నేర్చుకున్న తరువాత, అవి మితిమీరిన అలంకారాలతో ఉన్నాయనీ, ఆస్థాన గౌరవానికి తగవనీ తమలో తాము నిర్ణయించుకొని, వాటిని ఐదుకు కుదించారు. దేశాన్ని విడిచి వచ్చిన గురువుకు స్వదేశం నుండి మిగిలిన ఆస్తి ఆ కృతులే. విషయం తెలిసి ఉరుక్ ముందు కోపగించాడు. ఆ ఐదింటినీ విన్న తరువాత కన్నీరు కార్చి, వాటిలో ఆనందం ఉన్నా హద్దు మీరలేదనీ, దుఃఖం ఉన్నా శోకంగా మారలేదనీ మెచ్చుకొని, రాజు ఎదుట వాయించమన్నాడు. ఇది గ్రంథం చెప్పిన కథ. గెలిచిన రాజ్యపు కలం నుండి వచ్చినది గనుక, ఆ కన్నీటిని ఉరుక్ ఒప్పుదలగా మాత్రమే చూడనవసరం లేదు.

నశించిపోతున్న రాజ్యపు సంగీతం స్వీకరించదగదని మంత్రులు అభ్యంతరం చెప్పారు. గాయా రాజు తన దుర్వ్యసనాల వలన చెడ్డాడే కాని సంగీతం చేసిన తప్పేమీ లేదని జిన్‌హుంగ్ త్రోసిపుచ్చి, దానిని ఆస్థాన సంగీతంగా చేశాడు. 562లో సిల్లా సైన్యం దేగాయాను జయించడంతో గాయా కూటమి అంతరించింది. తరువాత ఉరుక్ ఏమయ్యాడో గ్రంథం చెప్పదు.

వాద్యం

గాయాగుమ్ సుమారు ఒకటిన్నర మీటరు పొడవుంటుంది. పౌలోనియా కలపతో చేసి, పట్టు తంత్రులు బిగిస్తారు. మన వీణకున్నట్లు దీనికి మెట్లు లేవు. ఒక్కొక్క తంత్రి క్రింద అటూ ఇటూ జరపగల చెక్క బ్రిడ్జి ఉంటుంది. ఆకారాన్ని బట్టి దానిని అడవిబాతు పాదం అంటారు. కుడిచేతి వేళ్ళతో మీటుతూ, బ్రిడ్జికి అవతల ఎడమచేతితో తంత్రిని అదిమి గమకాలు పలికిస్తారు. జపాన్‌లోని నారా నగరంలో షోసోయిన్ భాండాగారంలో సిల్లా నుండి వెళ్ళిన ఇటువంటి పురాతన వాద్యాలు భద్రంగా ఉన్నాయి.

19వ శతాబ్దం చివర కిమ్ చాంగ్‌జో (1865-1919) సాంజో అనే ఏకవాద్య శైలికి రూపమివ్వడంతో, వేగానికి అనువైన చిన్న గాయాగుమ్ వాడుకలోకి వచ్చింది. 20వ శతాబ్దం చివరకు ఇరవై ఐదు తంత్రుల వాద్యం కూడా వచ్చింది. 2010వ దశకంలో లూనా లీ అనే కళాకారిణి గాయాగుమ్ నాదాన్ని విద్యుత్ పరికరాలతో పెంచి, జిమీ హెండ్రిక్స్ పాడిన వూడూ చైల్ వంటి రాక్ గీతాలను వాయించి ఇంటర్నెట్ ద్వారా పేరు పొందింది. ఎలక్ట్రిక్ గిటార్ వాదకుడు తీగను ప్రక్కకు లాగి స్వరాన్ని వంచే పని ఇక్కడ ఎడమచేతి అదుముడుతోనే జరుగుతుంది. కనుక రాక్ సంగీతం ఈ వాద్యానికి పైనుండి తగిలించినట్లు వినిపించదు.

స్మృతిచిహ్నాలు

చుంగ్జులో నది ఒడ్డున ఉరుక్ వాద్యం మీటేవాడని చెప్పే గుట్టకు తాంగుమ్‌దే అని పేరు. 1592లో జపాన్ దండయాత్రలో కొరియా సేనాని షిన్ రిప్ ఓడి మరణించిన యుద్ధం ఇక్కడే జరిగింది. దేగాయా రాజధాని అయిన గోర్యొంగ్‌లో ఉరుక్ పేరిట మ్యూజియం ఉన్నది. రచయిత కిమ్ హున్ ఇతని జీవితం ఆధారంగా 2004లో ఒక నవల ప్రచురించాడు.