మెహర్ సింగ్

మెహర్ సింగ్ (1915 - 1952) భారత వైమానిక దళ అధికారి. 1947-48 కాశ్మీరు యుద్ధంలో పూంచ్, లేహ్ పట్టణాలకు విమానాల ద్వారా సైన్యాన్ని, సామగ్రిని చేరవేసే మార్గాన్ని తెరచినవాడుగా ప్రసిద్ధుడు. సహచరులు ఇతనిని బాబా మెహర్ సింగ్ అని పిలిచేవారు.

తొలి జీవితం

ఇతడు 1915 మార్చి 20న లాయల్‌పూర్ జిల్లాలో (నేటి పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ ప్రాంతం) జన్మించాడు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో శిక్షణ పొంది, 1936లో అధికారిగా నియమితుడై 1వ స్క్వాడ్రన్‌లో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో హరికేన్ విమానాలు నడిపే 6వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించాడు. 1944లో బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన డి.ఎస్.ఓ. పతకాన్ని ఆ యుద్ధంలో పొందిన భారత వైమానిక దళ అధికారి ఇతడొక్కడే.

పూంచ్

1947 నవంబరు నాటికి పూంచ్ పట్టణం శత్రు ముట్టడిలో చిక్కుకుంది. కొద్దిపాటి సైన్యంతో పాటు వేలాది శరణార్థులు లోపల ఉండిపోయారు. రోడ్డు మార్గం తెగిపోవడంతో విమానం తప్ప వేరు దారి లేదు. సైనికులు, శరణార్థులు కలిసి కొండల నడుమ చిన్న రన్‌వేను చదును చేశారు. దానికి మూడు వైపుల సెలయేళ్ళు ఉన్నందువలన విమానం దించడం కష్టసాధ్యం. డిసెంబరులో మెహర్ సింగ్ డకోటా విమానాన్ని స్వయంగా నడిపి అక్కడ దించాడు. తరువాత డకోటాలు ఆహారం, మందుగుండు తీసుకుని వెళ్ళి, తిరుగు ప్రయాణంలో శరణార్థులను తెచ్చేవి. నూనె దీపాల వెలుగులో రాత్రివేళ ఫిరంగులను కూడా దింపారు. 1948 నవంబరులో రోడ్డు మార్గం తిరిగి కలిసేవరకు పూంచ్ ఈ విమానాల మీదనే ఆధారపడింది.

లేహ్

1948 మేలో లేహ్‌కు కూడా ముప్పు ఏర్పడింది. సోనమ్ నోర్బు అనే ఇంజనీరు స్థానికుల సాయంతో సింధునది సమీపంలో రన్‌వే నిర్మించాడు. అది సముద్రమట్టానికి సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. డకోటా విమానం ఇటువంటి ఎత్తుల కోసం తయారైనది కాదు. అందులో గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు ఉండదు. జోజి లా మీదుగా వెళ్ళే ఆ దారిని అంతకు ముందు ఏ విమానమూ పరీక్షించి చూడలేదు. మే 24న మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను వెంట తీసుకుని లేహ్‌లో దిగాడు. ఎయిర్ కమొడోర్ హోదాలో ఉన్నవాడు ఇటువంటి తొలి ప్రయాణాలను కింది అధికారులకు అప్పగించవచ్చు. రెండు చోట్లా ఇతడు అలా చేయకపోవడం గమనించదగినది. కొద్ది రోజులలోనే డకోటాలు గూర్ఖా సైనికులను అక్కడికి చేర్చాయి.

చివరి రోజులు

1948లోనే ఇతడు వైమానిక దళానికి రాజీనామా చేసి, పటియాలా మహారాజు వద్ద సలహాదారుగా చేరాడు. కాశ్మీరు సేవలకు మహావీర చక్ర పురస్కారం లభించింది. 1952 మార్చిలో జమ్మూ నుండి ఢిల్లీకి స్వయంగా విమానం నడుపుకుంటూ వస్తూ తుఫానులో చిక్కుకుని మరణించాడు. అప్పటికి ఇతనికి 37 సంవత్సరాలు కూడా నిండలేదు.