రాణి మంగమ్మ

మధుర, దిండిగల్, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. వీరిలో చాలామంది పూర్వులు విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయక రాజుల కాలంలోను వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. దిండిగల్ కొండమీది కోటను 1605లో కట్టించినవాడు ముద్దుకృష్ణప్ప నాయకుడు. ఆ నాయక వంశపు కీర్తిని నిలిపిన వారిలో రాణి మంగమ్మ ఒకరు. తమిళులు ఈమెను మంగమ్మాళ్ అని పిలుస్తారు.

మంగమ్మ చొక్కనాథ నాయకుని భార్య. 1682లో భర్త మరణించాడు. కుమారుడు ముద్దువీరప్ప రాజయ్యాడు. కాని అతడు కూడా 1689లో మశూచి సోకి చిన్న వయస్సులోనే కన్నుమూశాడు. కొద్దికాలానికే కోడలు కూడ మరణించింది. మిగిలినవాడు పసిబాలుడైన మనుమడు విజయరంగ చొక్కనాథుడు. పుట్టెడు దుఃఖాన్ని దిగమింగుకొని, మంగమ్మ ఆ బాలుని పేరిట రాజ్యభారం వహించింది. తిరుచిరాపల్లి నుండి సుమారు 1706 వరకు పరిపాలన సాగించింది.

మధురకు దక్షిణాన ఉన్నది ఎక్కువగా మెట్ట నేల. ఎండ తీవ్రత ఎక్కువ. అక్కడ బాటసారికి కావలసినవి నీడ, నీరు, తల దాచుకొనే చోటు. మంగమ్మ బాటలు వేయించింది. వాటికి ఇరుప్రక్కల చెట్లు నాటించింది. బావులు త్రవ్వించి, సత్రాలు కట్టించింది. పంట కాలువలను బాగుచేయించింది. మధుర నుండి కన్యాకుమారి వైపు పోయే పాత బాటను మంగమ్మ బాట అని ప్రజలు పిలుచుకొన్నారు. మధుర రైలుస్టేషను ఎదుట ఆమె పేరిట సత్రం ఉన్నది.

బరువు మోసే కూలివాడు, బండి తోలే రైతు, గుఱ్ఱమెక్కిన వర్తకుడు అందరూ ఒకే బాటన నడిచేవారు. చెట్టు నీడకు పేద, ధనిక భేదం లేదు. అది ఎవరి కులం అడగదు, ఎవరి భాష అడగదు.

మంగమ్మ పాలన కూడ అట్టిదే. ఆమె హిందూ దేవాలయాలకు కానుకలిచ్చింది. 1701లో తిరుచిరాపల్లిలోని దర్గాకు భూములు దానం చేయించింది. బూషే అనే క్రైస్తవ గురువును గౌరవంగా ఆదరించింది. మతం పేరిట ప్రజలను బాధించడం రాజధర్మం కాదని ఆమె నమ్మకం.

ఆమె పాలనలో ఒక కఠిన పరీక్ష ఎదురైంది. తంజావూరు సైనికులు మధుర రాజ్యపు గ్రామాలను దోచుకొన్నారు. అందువలన 1700లో రెండు రాజ్యాలకు యుద్ధం జరిగింది. దళవాయి నరసప్పయ్య తంజావూరును ఓడించాడు. ఇంతలో మైసూరు రాజు చిక్కదేవరాయలు కావేరికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. దిగువన నీరు తగ్గిపోయింది. కాలువలు ఎండితే తిరుచిరాపల్లి రైతుకు ఎంత నష్టమో, తంజావూరు రైతుకూ అంతే నష్టం. నిన్నటి పగను తలచుకొని కూర్చుంటే ఇరువురి పొలాలూ బీడు పడతాయి. కనుక మంగమ్మ పగను ప్రక్కకు పెట్టి తంజావూరుతో చేయి కలిపింది. రెండు సైన్యాలూ మైసూరు మీదికి పోవడానికి సిద్ధపడ్డాయి. ఆ సమయంలో పెద్ద వానలు కురిసి, వరద వచ్చి, ఆనకట్ట తెగిపోయింది. యుద్ధం లేకుండానే నీరు దిగువకు పారింది.

మంగమ్మ చివరి రోజులు సుఖంగా గడవలేదని జనశ్రుతి. ఆమె పేరుతో ముడిపడిన మధురలోని తముక్కం భవనంలో 1959లో గాంధీ స్మారక మ్యూజియం నెలకొన్నది.

బాలలారా! మన ఊళ్ళలో తెలుగు, తమిళం, సౌరాష్ట్రం, ఉర్దూ మాట్లాడేవారు ప్రక్క ప్రక్కనే నివసిస్తున్నారు. అందరూ త్రాగేది ఒకే చెరువు నీరు, పీల్చేది ఒకే గాలి. చెరువు పూడిపోతే నష్టం ఒక వీధికి మాత్రమే కాదు. ఒక మొక్కను నాటి పెంచితే లాభం ఒక ఇంటికి మాత్రమే కాదు. నాటినవారు పోయినా నీడ మిగులుతుంది. ఆ నీడలో అందరికీ చోటుంటుంది.