పరదేశంలో ఆంగ్లోపాధ్యాయుడు : లాఫ్కాడియో హెర్న్

ఆంగ్లభాష బోధించి జీవనం గడుపుకొనడానికి పరదేశాలకు వెళ్ళినవారు చరిత్రలో ఎందరో కనిపిస్తారు. కొన్ని సంవత్సరాలు పనిచేసి, కొంత ధనం కూడబెట్టి, స్వదేశానికి మరలిపోవడం వారిలో పలువురి రివాజు. అట్లు మరలిపోక, బోధించవచ్చిన దేశంలోనే పేరు మార్చుకొని, సంసారం చేసి, ఆ మట్టిలోనే కలిసిపోయిన ఒక ఉపాధ్యాయుని గురించి ఇక్కడ ముచ్చటించదలచాము. ఆయన లాఫ్కాడియో హెర్న్. జపానువారికి మాత్రం ఆయన కొయిజుమి యాకుమో.

నిజానికి స్వదేశమని చెప్పుకోదగిన చోటు ఆయనకు మొదటినుంచీ లేదు. 1850 జూన్ 27న లెఫ్కాడా అనే గ్రీకు ద్వీపంలో జన్మించాడు. తల్లి గ్రీకు వనిత; తండ్రి బ్రిటిషు సైన్యంలో వైద్యుడైన ఐర్లండు దేశస్థుడు. పసితనంలోనే ఇరువురికీ దూరమై డబ్లిన్ నగరంలో నాయనమ్మ సోదరి పంచన పెరిగాడు. పదహారవ యేట పాఠశాలలో ఆటలాడుతుండగా దెబ్బ తగిలి ఎడమకన్ను పోయింది. మిగిలిన కంటికి చూపు తక్కువ. 1869లో అమెరికా చేరి, సిన్సినాటి, న్యూ ఆర్లియన్స్ నగరాలలో పత్రికా రచయితగా పేరు గడించాడు. 1890 ఏప్రిల్‌లో ఒక అమెరికా పత్రిక పక్షాన యొకొహామా రేవులో దిగాడు. తనతో వచ్చిన చిత్రకారునికి తనకంటె హెచ్చు పారితోషికమిస్తున్నారని తెలిసి ఆ పత్రికతో తెగతెంపులు చేసుకొన్నాడు. తొందరపాటే కావచ్చు, కాని ఆ తొందరపాటు లేకపోతే ఆయన ఉపాధ్యాయుడయ్యేవాడు కాడు.

టోక్యోలో ఆచార్యుడుగా ఉన్న బాసిల్ హాల్ చాంబర్లేన్ తోడ్పాటుతో మత్సుయే పట్టణంలో మాధ్యమిక పాఠశాలలోను, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోను ఆంగ్లం బోధించే ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 100 యెన్‌లు. షింజి సరస్సు ఒడ్డునున్న ఆ పట్టణంలో అప్పటికి పాతకాలపు జీవితం ఇంకా చెక్కుచెదరలేదు. నిషిదా సెంతారో అనే సహోపాధ్యాయుడు ఆయనకు దుబాసీ, ఆప్తమిత్రుడు కూడ అయినాడు. హెర్న్ తరగతిలో వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించడంతో తృప్తిపడలేదు. బోతాన్ పువ్వును గురించి, దోమలను గురించి, మానవుడు దీర్ఘకాలం జ్ఞాపకముంచుకొనేదేమిటన్న విషయాన్ని గురించి పిల్లలచేత ఆంగ్లంలో వ్యాసాలు వ్రాయించాడు. ఆ వ్యాసాలు దిద్దుతూ దిద్దుతూ తానే ఆ దేశాన్ని చదువుకొన్నాడు. 1894లో ప్రచురించిన గ్రంథంలో ఈ తరగతిగదికి ఒక పూర్తి అధ్యాయమే కేటాయించాడు. చిన్నవయసులో మరణించిన విద్యార్థులను గురించి అందులో వ్రాసిన పుటలు చదివినప్పుడు, హాజరుపట్టీలోని పేర్లు మనకు వట్టి పేర్లుగా కనిపించవు.

ఆ చలికి తాళలేక మరుసటి సంవత్సరం నవంబరులో మత్సుయే విడిచాడు. ఆ లోపలనే కొయిజుమి సెత్సు అనే యువతి ఆయన జీవితంలో ప్రవేశించింది. సమురాయి వంశపు బిడ్డ. ఆ వంశాలు అప్పటికి చితికిపోయి ఉన్నవి. కుమమోతో నగరంలోని పెద్ద పాఠశాలలో జీతం 200 యెన్‌లకు పెరిగినా, భార్య తరపు పెద్దలందరి పోషణభారం ఆయనపైననే పడింది. ఆంగ్లం ఉపాధ్యాయుడైన భర్తకు జపాను గ్రంథాలు చదవడం రాదు. భార్యకు ఆంగ్లం రాదు. విభక్తులు, ప్రత్యయాలు వదలివేసిన ఒక విచిత్రమైన జపాను భాషను వారిరువురు కల్పించుకొన్నారు. పుస్తకం మూసి, సొంతమాటలతో కథ చెప్పుమని ఆయన కోరేవాడు. 1904లో వెలువడిన దయ్యాల కథల సంపుటి 'క్వైదాన్' వెనుక ఉన్నది ఈ ఇంటిభాషయే. ఆమె పాలును లోకం చాలాకాలం గుర్తించకపోవడం అన్యాయమని మా అభిప్రాయం.

కుమమోతో తరువాత కోబేలో కొంతకాలం పత్రికలో పనిచేసి, 1896లో ఆయన జపాను పౌరుడైనాడు. భార్యాబిడ్డలకు ఆస్తిహక్కు నిలవాలన్నదే ముఖ్యకారణం. అదే సంవత్సరం టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్య బోధకుడుగా చేరాడు.

ఆయన బోధనాపద్ధతి చిత్రమైనది. కాగితం చూడకుండ, చిన్నచిన్న పదాలతో, విద్యార్థులు ప్రతి వాక్యం వ్రాసుకొనేటంత నిదానంగా చెప్పేవాడు. ఆంగ్లేయులవలె వ్రాయండని ఆయన చెప్పలేదు. ఆంగ్ల సాహిత్యంలోని భావసంపదను గ్రహించి, మీ సాహిత్యం మీ భాషలోనే సృష్టించుకొనండని బోధించాడు. ఆంగ్లం చెప్పి జీతం పుచ్చుకొనే వ్యక్తి ఇట్లు బోధించడం సామాన్యం కాదు. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమా అన్న ప్రశ్న మన హైదరాబాదుకు కూడ కొత్తది కాదు. ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన కొద్దికాలానికే, 1922లో, ఇక్కడి విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాను వెళ్ళి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి మరుసటి సంవత్సరం ఒక గ్రంథం వెలువరించాడు.

1903 ఆరంభంలో హెర్న్‌కు విశ్వవిద్యాలయం నుండి లేఖ వచ్చింది. మార్చితో ఒప్పందం ముగుస్తుందని దాని సారాంశం. విద్యార్థులు ఆందోళన చేశారు. అధికారులు కొంత తగ్గి, పనిగంటలు, జీతం కుదించి కొనసాగిస్తామన్నారు. ఆయన అంగీకరించలేదు. అధికారుల పక్షాన కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. విదేశాలకు పంపి చదివించిన స్వదేశీయులకు ఆ పదవులివ్వడం ఆనాటి ప్రభుత్వ విధానం. హెర్న్ స్థానంలో వచ్చినవారిలో లండన్ నుండి అప్పుడే తిరిగివచ్చిన నత్సుమే సోసెకి ఒకడు. తరువాత ఆయన జపాను నవలాకారులలో అగ్రగణ్యుడైనాడు. విధానం సరియైనదే కావచ్చు. ఏడేండ్లు సేవచేసి, తమ పౌరుడే అయిన ఉపాధ్యాయుని ఒక చీటీతో సాగనంపిన తీరు మాత్రం మాకు రుచించదు. మరుసటి సంవత్సరం వసేదా విద్యాలయం ఆయనను ఆహ్వానించింది. కాని 1904 సెప్టెంబరు 26న గుండెజబ్బుతో మరణించాడు. టోక్యోలోని జోషిగయా శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. సోసెకి సమాధి కూడ అక్కడనే.

ఆయన తన ఉపన్యాసాలను వ్రాసి ఉంచలేదు. శిష్యులు తమ నోటుపుస్తకాలు భద్రపరిచారు. అమెరికా నౌకాదళంలోని ఆయన మిత్రుడు మిచెల్ మెక్‌డొనాల్డ్ వాటిని సేకరించి అమెరికా చేర్చగా, కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఎర్స్‌కిన్ పరిష్కరించి 1915 నుండి సంపుటాలుగా ప్రకటించాడు.