అన్న బదులు వెళ్ళిన తమ్ముడు



ఆగస్టు 4న పునీత జాన్ మరియ వియాన్ని గారి పండుగ చేసుకుంటాము. విచారణ గురువులందరికీ పాలక పునీతుడైన ఈయన, యౌవనంలో జబ్బుపడి సైన్యానికి వెళ్ళలేకపోయిన వ్యక్తి అని మీకు తెలుసా?

మెడికల్ బోర్డు అంటే ఏమిటో మన గోదావరిఖని, రామగుండం కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఫిట్టా, అన్‌ఫిట్టా అనే ఒక్క మాట కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. వియాన్ని గారి ఇల్లు కూడా అలాగే ఎదురుచూసింది.

ఆయన 1786 మే 8న ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరం దగ్గర దార్దిల్లీ గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. గురువు కావాలని ఆశ. లాటిన్ మాత్రం ఎంత చదివినా వంటబట్టేది కాదు. ఎక్యుల్లీ విచారణ గురువులు బాలే గారు ఓపికతో చదువు చెప్పారు.

1809లో నెపోలియన్ చక్రవర్తికి స్పెయిన్ యుద్ధం కోసం సైనికులు కావలసివచ్చారు. గురువిద్యార్థులకు ఉండే మినహాయింపు వియాన్ని గారికి దక్కలేదు. తండ్రి డబ్బిచ్చి కొడుకు బదులు వేరొక యువకుణ్ణి కుదిర్చాడు. ఆ యువకుడు కొద్ది రోజులకే మనసు మార్చుకొని సొమ్ము తిరిగి ఇచ్చేశాడు.

ఇక తప్పక వియాన్ని గారు లియోన్ వెళ్ళారు. రెండు రోజులకే జ్వరంతో ఆసుపత్రి పాలయ్యారు. దళం ఆయనను వదిలి సాగిపోయింది. కొంత కోలుకోగానే రోవాన్ పట్టణానికి పంపితే అక్కడా ఆసుపత్రే గతి అయింది. ఆ జబ్బు వల్ల దొరికింది గడువే గాని విడుదల కాదు. 1810 జనవరిలో బయలుదేరవలసిన రోజున దేవాలయంలో ప్రార్థిస్తూ ఆలస్యమయ్యారు. అప్పటికే దళం వెళ్ళిపోయింది. నీరసంతో వెనుకే నడుస్తుండగా, దారిలో కలిసిన ఒక యువకుడు ఆయనను కొండల్లోని లె నోయె గ్రామానికి చేర్చాడు. సైన్యం నుంచి తప్పించుకున్నవారు దాగిన చోటు అది.

అక్కడ జెరోమ్ విన్సెంట్ అనే మారుపేరుతో ఏడాదికి పైగా గడిపారు. క్లోదీన్ ఫాయో అనే విధవరాలు అన్నం పెట్టి కాపాడింది. ఆయన ఊరి పిల్లలకు చదువు చెప్పారు. పోలీసులు వచ్చినప్పుడు గడ్డివాములో దాక్కున్నారు.

1810లో చక్రవర్తి వివాహ సందర్భంగా క్షమాభిక్ష ప్రకటించారు. తమ్ముడు ఫ్రాన్సువా అన్న బదులు సైన్యంలో చేరాడు. 1811లో వియాన్ని గారు ఇల్లు చేరారు. కొద్ది వారాలకే తల్లి కన్నుమూసింది. తమ్ముడు మాత్రం మళ్ళీ ఇంటికి రాలేదు.

వియాన్ని గారు 1815లో గురువు అయ్యారు. 1818 నుండి 1859లో మరణించే వరకు ఆర్స్ అనే చిన్న పల్లెలోనే సేవ చేశారు. రోజుకు పదహారు గంటల వరకు పాపసంకీర్తనాలు విన్నారు. 1925లో తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

పాఠకులారా, పునీతుని పేరు లోకమంతా తెలుసు. ఫ్రాన్సువా పేరు తెలిసినవారు ఎందరు? మన బొగ్గు ప్రాంతంలోనూ తండ్రి అన్‌ఫిట్ అయితే ఆయన బదులు కొడుకు బావిలోకి దిగిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. జబ్బుపడిన వానిని పనిదొంగ అని నిందించకండి. అతని బరువు భుజాన వేసుకున్నవానిని మరువకండి. ఈ పండుగనాడు మీ ఇంటి ప్రార్థనలో ఆ ఇద్దరినీ పేరుపేరునా తలచుకోండి.