చెప్పినకొద్దీ నిలిచే చదువు: ఆదిభట్ల నారాయణదాసు

తెల్లవారుజామున మక్తబ్‌లో అరబీ అక్షరాలు, బడిలో తెలుగు, ఇంగ్లీషు, కొన్ని ఇళ్ళలో పెద్దలతో ఉర్దూ. విశాఖ పాతనగరంలోనైనా, ఉక్కునగరం క్వార్టర్లలోనైనా మన పిల్లల దినచర్య ఇలాగే ఉంటుంది. ఇన్ని భాషలు పసి బుర్రలో ఎలా పడతాయని తల్లిదండ్రులు దిగులుపడతారు. నిన్న వచ్చిన పాఠం ఇవాళ మరిచిపోతే బిడ్డ మీద మొద్దు అనే ముద్ర వేస్తారు. ఒకసారి ఆ ముద్ర పడిందంటే చదువంటేనే బెరుకు పుడుతుంది. అలాంటి ప్రతి ఇంట్లోనూ చెప్పుకోవలసిన జీవితం ఒకటుంది. అది మన ఉత్తరాంధ్ర బిడ్డ ఆదిభట్ల నారాయణదాసుది.

ఆయన 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలోనిది. తల్లి నోట భాగవత పద్యాలు విని చిన్ననాడే కంఠస్థం చేశారంటారు. అయిదేళ్ళ వయసులో ఒక పుస్తకాల దుకాణం ముందు భాగవతం కావాలని మారాం చేశారట. చదవడమే రాని పసివాడికి పుస్తకమెందుకని దుకాణదారు నవ్వితే, పిల్లవాడు వరుసగా పద్యాలు చదివి వినిపించాడు. వ్యాపారి ఆశ్చర్యపోయి ఆ పుస్తకాన్ని ఉచితంగా చేతిలో పెట్టాడని చెబుతారు.

ఇది పుట్టుకతో వచ్చిన వరమని మనం సరిపెట్టుకుంటాం. కానీ ఆయన తరువాతి జీవితం చూస్తే ఆ వరానికి రోజూ ఎంత సాన పట్టారో తెలుస్తుంది. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, తానే ధ్రువచరిత్ర రచించి కథ చెప్పడం మొదలుపెట్టారు. హరికథ అంటే గంటల తరబడి నిలబడి పాట, పద్యం, మాట, అభినయం కలిపి ఒక గాథను జనానికి వినిపించడం. చేతిలో పుస్తకం ఉండదు. మరిచిపోతే అందించే మనిషి ఉండడు. చదివినదంతా సభలో నోటితో తిరిగి చెప్పి తీరాలి. దాసుగారు దశాబ్దాల పాటు ఆ పనే చేశారు.

అవధానంలోనూ ఆయన దిట్ట. అవధానమంటే మనసు నిలపడం. ఒకరు పద్యం అడుగుతారు, ఒకరు వాక్యంలోని అక్షరాలను క్రమం తప్పించి ఇస్తారు, ఒకరు గంట కొడుతూ ఉంటారు. అన్నింటినీ గుర్తుంచుకుని చివరికి అప్పజెప్పాలి. వీటికి తోడు దాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో వేర్వేరు తాళాలు వేస్తూ పాడేవారు.

ఆయన సభల్లో చేసి చూపినదాన్ని శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో వివరించారు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ తనమీద తానే పరీక్షలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రకటించాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారిపోతుందని, వ్యవధి ఇచ్చి తిరిగి నేర్చితే నిలుస్తుందని ఆయన తేల్చాడు. అంటే మరుపు బిడ్డ తప్పు కాదు, మనిషి స్వభావం. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా పరిశోధకులు మరో సంగతి చూపించారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తరువాత ముందున్నారు. కానీ పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారే వారం తరువాత ఎక్కువ చెప్పగలిగారు. గుర్తు తెచ్చుకునే ప్రతిసారీ జ్ఞాపకం గట్టిపడుతుందన్నమాట. మన హాఫిజ్‌లకు ఇది కొత్త సంగతి కాదు. రోజూ దౌర్ చేయడం, రంజాన్ తరావీహ్‌లో ఏటేటా ఖుర్‌ఆన్ వినిపించడం ఆ పద్ధతే కదా!

ఇక భాషల సంగతి. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషులతో పాటు దాసుగారు ఉర్దూ, అరబీ, ఫార్సీ భాషలు కూడా నేర్చారు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను ఫార్సీ మూలం నుంచి, ఫిట్జ్‌గెరాల్డ్ ఇంగ్లీషు అనువాదం నుంచి కూడా సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. 1932లో ఆ గ్రంథం వెలువడేనాటికి ఆయనకు 68 ఏళ్ళు. విశాఖ పోర్టు ప్రారంభం కావడానికి అది ఒక ఏడాది ముందు మాట. ఒక భాష మరో భాషకు అడ్డు కాలేదు, తోడయింది. కొత్త మాట పాత మాటను పట్టుకుని నిలుస్తుంది కనుకనే అది సాధ్యమైంది.

ఆయన ఎంచుకున్న ఖయ్యామ్ కూడా జ్ఞాపకశక్తికి పేరుపడ్డవాడే. 1048లో నిషాపూర్‌లో పుట్టిన ఆ గణిత శాస్త్రవేత్త ఇస్ఫహాన్‌లో ఒక గ్రంథాన్ని ఏడుసార్లు చదివి, ఊరికి తిరిగివచ్చి దాన్ని మొత్తం చెప్పి రాయించాడని బైహఖీ అనే చరిత్రకారుడు నమోదు చేశాడు. మూలంతో పోల్చి చూస్తే పెద్దగా తేడా లేదట. అంతటి మేధావికీ ఒక్క చదువు చాలలేదు, ఏడుసార్లు చదవవలసి వచ్చింది!

1919లో విజయనగరంలో నెలకొన్న విజయరామ గాన పాఠశాలకు దాసుగారు తొలి ప్రధానాచార్యులయ్యారు. తనకు వచ్చినదాన్ని ఎందరికో పంచి, 1945 జనవరి 2న కన్నుమూశారు. ఆ పాఠశాల నేటికీ సంగీత కళాశాలగా నడుస్తోంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ బిడ్డను పుస్తకం పక్కన పెట్టమనండి. ఇవాళ ఏం నేర్చుకున్నావో అమ్మీకో, నానమ్మకో తన మాటల్లో చెప్పమనండి. తడబడితే కోప్పడకండి. ఆ తడబాటులోనే జ్ఞాపకం వేళ్ళూనుతుంది. రెండు రోజులాగి మళ్ళీ అడగండి. దాసుగారు నిండు సభలో చేసిన పనిని మన పిల్లలు ఇంటి చాప మీద చేస్తారు. వినడానికి మనం కాస్త తీరిక చేసుకుంటే చాలు.