తేనెటీగల మిత్రుడు లాంగ్‌స్ట్రాత్

తేనె రుచి నెరుగనివారు లేరు. కాని ఈగలను చంపక తేనె తీయు మార్గమును లోకమునకు జూపిన మహనీయుని పేరెరిగినవారు మనలో కొద్దిమందియే. కావున నాయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయ నెంచితిమి.

లొరెంజో లాంగ్‌స్ట్రాత్ 1810వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీని అమెరికాదేశమందలి ఫిలడెల్ఫియా పట్టణమున జన్మించెను. బాల్యమునుండియు నాయనకు పురుగుల నడవడిని గనిపెట్టుటయం దమితాసక్తి. తోటబాటలో మోకరించి చీమలను జూచుచు, లాగుల మోకాళ్లు చింపుకొని, అందులకై దెబ్బలును దినెను. యేలు కళాశాలలో 1831లో పట్టము నొంది, 1836లో ఆండోవరున సంఘకాపరి యయ్యెను. 1838లో నొక మిత్రుని యింట గాజుపాత్రలో మెరయు తేనెపట్టును జూచి ముగ్ధుడై, ఆ దినముననే రెండు ఈగలపెట్టెలను గొని యింటికి జేరెను. తరచుగా మనోవ్యాధిచే బాధపడు నాయనకు ఈగల పోషణము గొప్ప యూరట యయ్యెను.

ఆ కాలపు చిన్నరైతులు ఈగలను గడ్డిబుట్టలలోను, మూసిన పెట్టెలలోను బెంచుచుండిరి. పట్టులు గోడల కంటుకొనియుండుటచే కోయనిదే వెలికి రావు. పెక్కుండ్రు గంధకపు పొగ వేసి, ఈగల నన్నిటిని జంపి తేనె గొనుచుండిరి. ఏడాది పొడుగున శ్రమించిన కూలికి మరణమే జీత మయ్యెను!

లాంగ్‌స్ట్రాత్ ఈగలనే గురువులుగా నెంచెను. సందు మిక్కిలి యిరుకైనచో అవి జిగురుతో బూడ్చును. వెడల్పైనచో పట్టు గట్టును. అంగుళములో ఎనిమిదింట మూడుపాళ్ల సందు మాత్రము తమ రాకపోకలకై విడుచును. ఈ మర్మమును వాడుకొనుట యెట్లో 1851 అక్టోబరు మాసాంతమున నాయనకు స్ఫురించెను. చట్రముల చుట్టును అంతే సందు విడిచి పెట్టెను జేసినచో, ఒక్కొక్క పట్టును పైకెత్తి, పరీక్షించి, తేనె మాత్రము గైకొని, మరల నుంచవచ్చును. ఈగలకు మరణము తప్పెను. 1852లో నా పెట్టెకు ప్రభుత్వమువలన హక్కుపత్రము లభించెను. 1853లో నాయన గ్రంథము వెలువడెను.

కాని ఫలము పరులపాలయ్యెను. అనుమతి లేకయే పలువు రా పెట్టెను జేసి యమ్ముకొనిరి; వ్యాజ్యములు ధనమును హరించెను. 1858లో నాయన ఒహాయో రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డున కేగి, పదియెకరముల నేలలో ఈగలకై పూలచెట్లు నాటి, కుమారునితో గూడి ఇటలీదేశపు రాణియీగలను బెంచెను. 1870లో కుమారుడును, 1873లో భార్యయు మరణించిరి. వ్యాధి పలుమారు పీడించెను. అయినను, తనకు దెలిసినదానిని అడిగినవారికి బోధించుట మానలేదు. 1895 అక్టోబరు 6వ తేదీని డేటను పట్టణపు దేవాలయమున ప్రసంగ మారంభించి, అచ్చటనే కూలి తనువు చాలించెను.

మన దేశపు పుట్టతేనెటీగ చిన్నది. దానికి చిన్న పెట్టె, ఇంకను సన్నని సందు కావలెను. దక్షిణదేశమున 1911 మొదలు 1917 వరకు న్యూటను పాదిరి యట్టి పెట్టెను రూపించి పల్లెవారికి నేర్పెను. కొలత మారినను సూత్ర మొక్కటియే.

విద్యార్థులారా! లాంగ్‌స్ట్రాత్ ఈగను తన యిచ్చకు లొంగదీయలేదు. దాని కొలతను దెలిసికొని తానే దానికి లొంగెను. జీవుల నేలగోరువాడు ముందుగా వాని స్వభావమును ఓర్పుతో నేర్చుకొనవలెనని యీ చరిత్రము మనకు దెలుపుచున్నది.